బీదర్ నుంచి మామునూరుకు, మా మీదుగా

బీదర్ విమానాశ్రయం నుంచి వరంగల్ పక్కనున్న మామునూరు రన్‌వే దాకా నేరుగా కొలిస్తే 224 కిలోమీటర్లు. ఈ రెంటి మధ్య ఇవాళ ఏ విమానమూ తిరగదు. 1981లో మూతపడిన మామునూరు మళ్లీ తెరుచుకోనే లేదు. అయినా ఫోన్‌లో అడిగి చూడండి, దూరం ఇంత, గాలిలో పట్టే సమయం ఇంత అని తడుముకోకుండా చెప్పేస్తుంది. ఎక్కడానికి విమానం లేదు, అమ్మడానికి టికెట్ లేదు, నిమిషాలు మాత్రం సిద్ధం. ఆలు లేదు చూలు లేదన్న సామెత ఎవరికైనా గుర్తుకొస్తే వాళ్ల తప్పేం లేదు.

నాకు మాత్రం ఆ అంకెల మీద మనసు పడింది. కారణం చిన్నదే. ఆ గీత మెదక్ పక్కనున్న మా హవేలిఘనపూర్‌కు దక్షిణంగా ఓ 20 కిలోమీటర్ల దూరంలో, కొల్చారానికీ కౌడిపల్లికీ మధ్య ఎక్కడో దాటుతుంది. పటంలో రెండు ఊళ్లనూ వెతికినప్పుడు ఇంకో విశేషం కనబడింది. రెండు విమానాశ్రయాలూ 17 డిగ్రీల 54 నిమిషాల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. ఉత్తర దక్షిణాల తేడా కిలోమీటరు కూడా లేదు. ఎవరూ కూడబలుక్కుని అలా కట్టలేదు. బీదర్‌ది వైమానిక దళం స్థావరం, పైలట్లకు శిక్షణ ఇచ్చే చోటు, ఆకాశంలో విన్యాసాలు చేసే సూర్యకిరణ్ దళానికి సొంత గూడు. మామునూరును నిజాం ప్రభుత్వం 1930లో వేయించింది. అప్పట్లో బీదర్, మెదక్, వరంగల్ మూడూ ఒకే సంస్థానంలోవి. 1956 నవంబర్ 1న బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయింది. అట్లా ఒక ఇంటి రెండు గదుల్లాంటి ఊళ్ల మధ్య ఒక రాష్ట్ర సరిహద్దు వచ్చి పడింది.

ఒకే అక్షాంశం అంటే ఆ గీత తిన్నగా తూర్పు పడమరలుగా పోతుందనిపిస్తుంది కదా, అది పూర్తిగా నిజం కాదు. భూమి గుండ్రం కాబట్టి ఒకే అక్షాంశం మీదున్న రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి ఆ అక్షాంశం వెంట పోదు. మన వైపు భూగోళంలో అది కాస్త ఉత్తరానికి వంగుతుంది. హైదరాబాద్ నుంచి అమెరికా పోయే మన పిల్లలు ముందు సీటు తెరమీద చూసి, ఇదేంటి ధ్రువం వైపు పోతున్నామని ఆశ్చర్యపోయే వంపు ఇదే. 224 కిలోమీటర్లకు ఆ వంపు ఎంతా అని లెక్కగట్టాను. సరిగ్గా మధ్యలో సుమారు 300 మీటర్లు. ఉత్తరం అంటే మా వైపే. ఎప్పుడూ ఎగరని విమానం మా ఊరి మీద గౌరవంతో మూడు వందల మీటర్లు జరిగి పోతుందన్నమాట.

ఈ సంగతి మా వీధి అరుగు మీద చెబుతుంటే, హవేలిఘనపూర్ డైట్‌లో టీచర్ శిక్షణ తీసుకుంటున్న ఓ అమ్మాయి తన ఫోన్‌లో సరిచూసింది. పక్కన బీడీ ముట్టించుకుంటున్న పెద్దాయనకు విమానం మీద కంటే ఆ పిల్ల వేళ్ల వేగం మీద ధ్యాస.

"ఎంత దూరముందంటుందే బిడ్డా?"

"రెండు వందల ఇరవై నాలుగు కిలోమీటర్లు తాతా."

"ఎంతసేపు వడతదంట?"

"యాభై నిమిషాలు, గంట లోపల్నే."

"మెదక్‌ల ఆగుతదా?"

"ఆగది తాతా, మీదికెళ్లి పోతది."

"గట్లయితే ఆ ముచ్చట మనకెందుకే!"

ఆయన బస్సు లెక్క చెప్పాడు. బస్సుకు దూరమంటే ఊళ్లు. ఆగిన ప్రతి చోటా ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, గంపలు, మేకపిల్లలు, ఆధార్ కార్డు చూపించే అమ్మలు ఉంటారు. విమానానికి దూరమంటే రెండు కొసలే. ఆ రెంటి నడుమ ఉన్నవాళ్లకు అందులో వాటా లేదు. నడుమ ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకోకపోవడం వల్లనే గాలి ప్రయాణం అంత పొట్టిగా ఉంటుందేమో అని నాకు అప్పుడు తట్టింది. ఆ పెద్దాయన ముచ్చట అక్కడితో వదిలేశాడు. నాకు వదల్లేదు.

ఆ యాభై పైచిలుకు నిమిషాలు ఎక్కడివో చూద్దాం. ఇంత చిన్న దూరాలకు మన దగ్గర ఎక్కువగా వాడేది ఏటీఆర్ విమానం. రెండు పంకాలు, డెబ్బైకి పైన సీట్లు, గంటకు 500 కిలోమీటర్లకు అటూ ఇటుగా వేగం. ఆ వేగంతో 224 కిలోమీటర్లంటే 27 నిమిషాలు. మిగతా నిమిషాలన్నీ నేల దగ్గరే ఖర్చవుతాయి. రన్‌వే కొసదాకా నెమ్మదిగా దొర్లడానికి, అనుమతి కోసం ఆగడానికి, గాలికి ఎదురుగా లేవడానికి, దిగే చోట చుట్టు తిరిగి వరసలోకి రావడానికి. అందుకే దూరాన్ని వేగంతో భాగించి దానికి అరగంట కలపడం ఓ మోటు లెక్క. శంషాబాద్ నుంచి గన్నవరం గాలిలో సుమారు 265 కిలోమీటర్లు. టైమ్ టేబుల్లో దానికి గంటకు అటూ ఇటుగా రాస్తారు. మోటు లెక్క అయినా తప్పడం లేదు.

ఇంకా తమాషా ఏమిటంటే, ఇంత తక్కువ దూరంలో విమానం తన సొంత ఎత్తులో తిన్నగా పోయేది చాలా తక్కువసేపు. 15 వేల అడుగులు ఎక్కిందనుకుందాం. దిగడానికి పైలట్లు వాడే లెక్క ఒకటుంది, వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు. ఆ ప్రకారం మామునూరుకు 80 కిలోమీటర్లకు పైగా ఉండగానే దిగడం మొదలుపెట్టాలి. బీదర్ నుంచి మెదక్ ఎదురుగా వచ్చేసరికి దాటేది 82 కిలోమీటర్లు. అంటే మా దగ్గరికొచ్చేసరికి ఎక్కడం అప్పుడే అయిపోయి ఉంటుంది. గజ్వేల్ దాటాక దిగడం మొదలవుతుంది. మొత్తం ప్రయాణంలో అది నిశ్చింతగా, తిన్నగా, అందరూ బెల్టు విప్పుకుని కిటికీలోంచి చూడగలిగే కొద్ది నిమిషాలూ మా చుట్టుపక్కలే గడుస్తాయి. ఎడమవైపు కూర్చున్నవాళ్లకు, మబ్బు లేకపోతే, 1924లో పూర్తయిన మెదక్ చర్చి గోపురం కనబడాలి. ఆ గోపురం ఆకాశం నుంచి ఎంత కనబడుతుందో చెప్పడానికి నాకు దారి లేదు. ఆ ఎడమ సీట్లో కూర్చున్నవాళ్లు ఇంకా ఎవరూ లేరు కదా.

ఈ రెండు చోట్లనూ కలుపుతూ నిత్యం పోయేది సూర్యుడొక్కడే. మామునూరు తూర్పున ఉంది, బీదర్ పడమరన ఉంది, రేఖాంశాల తేడా రెండు డిగ్రీలకు కాస్త ఎక్కువ. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, మామునూరులో పొద్దు పొడిచిన ఎనిమిదిన్నర నిమిషాలకు బీదర్‌లో పొడుస్తుంది. ఒకే అక్షాంశం కాబట్టి ఏడాది పొడుగునా ఆ తేడా మారదు. చేతి గడియారాలు మాత్రం రెండు చోట్లా ఒకటే చూపిస్తాయి. భారత కాలమానం 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశానిది, అది పోయేది కాకినాడ దగ్గరి నుంచి. హవేలిఘనపూర్‌లో పొద్దు నడినెత్తికి వచ్చేది సగటున 12 గంటల 17 నిమిషాలకు. ఎండలో నాట్లు వేసే ఆడవాళ్లకు ఆ పదిహేడు నిమిషాలు ఎవరూ చెప్పనక్కర్లేదు, నీడ చూసుకునే సద్ది విప్పుతారు. సూర్యుడి వేగం మన అక్షాంశం దగ్గర గంటకు సుమారు 1,590 కిలోమీటర్లు. ఏటీఆర్‌కు మూడు రెట్లకు పైన.

ఇవేవీ లేని కాలంలోనూ ఈ దారిలో మనుషులు నడిచారు. రుద్రమదేవి సేన యాదవరాజులను తరుముతూ పడమటికి పోయిందనడానికి బీదర్ కోటలో దొరికిన శాసనం ఆధారం. తర్వాత బహమనీ సుల్తాన్ అహ్మద్ షా కాలంలో సైన్యం ఎదురు దిక్కున వచ్చి వరంగల్‌ను పట్టింది. అదే సుల్తాన్ రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చుకున్నాడు. ఇవాళ రోడ్డు మీద ఈ రెండు ఊళ్ల మధ్య మూడు వందల కిలోమీటర్లకు దగ్గర. రోజుకు ఇరవై కిలోమీటర్లు నడిచే దండుకు పదిహేను రోజులు. ఆ దండుకు నడుమ ఊళ్లు కావాలి. నీళ్లకు చెరువు కావాలి, గుర్రాలకు గడ్డి కావాలి, ఎవరి ధాన్యమో దోచుకోవాలి. నడుమ ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకున్నప్పుడల్లా వాళ్లకు మేలే జరిగిందనడానికి వీల్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 224 కిలోమీటర్లు ఎప్పుడూ 224 కిలోమీటర్లే. కాకతీయుల నాడూ అంతే, నిజాం నాడూ అంతే. యాభై నిమిషాలు మాత్రం దూరం నుంచి పుట్టవు, కాగితాల నుంచి పుడతాయి. ఈ రెండు విమానాశ్రయాల కథలోనైతే ఆ కాగితం ఒకటే. 2004 డిసెంబర్ 20న కేంద్ర పౌర విమానయాన శాఖకూ, శంషాబాద్ విమానాశ్రయం కట్టిన జీఎంఆర్ వాళ్ల సంస్థకూ ఒక ఒప్పందం కుదిరింది. కొత్త విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి 25 ఏళ్లపాటు, అక్కడి నుంచి గాలి దూరంలో 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం ప్రయాణికులకు తెరవకూడదన్నది అందులోని ఓ నిబంధన. శంషాబాద్ తెరిచింది 2008 మార్చి 23న. కాబట్టి గడువు 2033 దాకా.

ఆ వలయాన్ని పటం మీద గీయండి. శంషాబాద్ నుంచి బీదర్ గాలిలో సుమారు 124 కిలోమీటర్లు. లోపలే. మామునూరు సుమారు 145. అదీ లోపలే, ఐదు కిలోమీటర్లతో. వరంగల్ కోటకు తూర్పున ఐదారు కిలోమీటర్లు అవతల నిజాం ఇంజనీర్లు ఆ రన్‌వే వేసి ఉంటే, ఈ నిబంధన దాన్ని ముట్టుకునేదే కాదు. 1930లో ఆ నేల ఎంచుకున్నవాళ్లు మెట్ట చూశారో, గాలి దిక్కు చూశారో కానీ, డెబ్బై నాలుగేళ్ల తర్వాత రాయబోయే ఒక వాక్యాన్ని చూసి ఉండరు. పెట్టుబడి పెట్టినవాడు కొన్నాళ్లు పోటీ వద్దనడంలో అన్యాయం ఉందని నేననను. వేల కోట్లు పోసి కట్టేవాడికి ఆ భరోసా లేకపోతే శంషాబాద్ అంత త్వరగా లేచేది కాదేమో. కానీ వలయం గీసినప్పుడు అందులో ఏమేం పడతాయో వలయానికి తెలియదు. బీదర్‌లో ప్రయాణికుల టెర్మినల్ కట్టి ఉన్నా ఏళ్ల తరబడి తాళం తీయలేదు.

చివరికి రెండింటికీ ఆ సంస్థ ఒప్పుకుంది. 2020 ఫిబ్రవరి 7న బీదర్ నుంచి బెంగళూరుకు ట్రూజెట్ ఏటీఆర్ లేచింది. మామునూరుకు 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి వచ్చింది. అంతకుముందే ఉన్న 696 ఎకరాలకు తోడు ఇంకో 253 ఎకరాలు సేకరించడానికి రాష్ట్రం 205 కోట్లు విడుదల చేసింది. అంటే శంషాబాద్‌తో పేచీ తీరింది. అప్పటికి ఇక మిగిలింది రైతులతో, నష్టపరిహారంతో, రన్‌వే పొడుగుతో.

తాళం తీసినంత మాత్రాన విమానం నిలబడుతుందా అంటే, అదీ లేదు. బీదర్‌లో ట్రూజెట్ పోయింది, స్టార్ ఎయిర్ వచ్చింది, అదీ ఆగింది, 2025లో మళ్లీ మొదలైంది. ట్రూజెట్ అయితే 2022 ఫిబ్రవరిలో మొత్తంగానే ఆగిపోయింది. అది మన హైదరాబాద్ సంస్థ. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు చవకగా విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజు సిమ్లా - ఢిల్లీ విమానంతో పాటు ప్రధాని పచ్చజెండా ఊపింది కడప - హైదరాబాద్, నాందేడ్ - హైదరాబాద్ మార్గాలకు, ఆ రెండూ ట్రూజెట్‌వే. నాందేడ్ విమానానిది మా జిల్లాకు కాస్త పడమరగా, ఇంచుమించు నారాయణఖేడ్, జోగిపేట వైపుల మీదుగా పోయే గీత. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు అన్నారు. సగం సీట్లకే ఆ ధర, నష్టం వస్తే మూడేళ్లపాటు సర్కారు పూడుస్తుంది. ఆ మూడేళ్ల తర్వాత ఏమైందో సర్కారు ఖర్చులు తనిఖీ చేసే కాగ్ 2023లో లెక్క చెప్పింది. మొదటి మూడు విడతల్లో ఇచ్చిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ పూర్తిచేసినవి 112. ఆ గడువు దాటాక కూడా, 2023 మార్చి నాటికి ఎగురుతున్నవి 54.

774లో 54. ఆ మిగిలిన 720 మార్గాలకూ దూరం ఉంది. వాటికీ ఫోన్ నిమిషాలు చెబుతుంది.

చిన్న విమానాశ్రయాల చిక్కు ఇక్కడే ఉంది. పెద్ద ఊళ్ల మధ్య ఒకటి తప్పితే ఇంకొకటి దొరుకుతుంది కాబట్టి అక్కడ ప్రయాణ కాలమంటే దాదాపు గాలిలో ఉండే కాలమే. చిన్న ఊరికి రోజుకు ఒకటే వస్తుంది, కొన్నిసార్లు వారానికి నాలుగు రోజులే. బుధవారం పని పడి, విమానం శుక్రవారం ఉంటే ప్రయాణ కాలం రెండు రోజుల యాభై నిమిషాలు. రెండు చిన్న ఊళ్లను కలపాలంటే ఇంకా కష్టం. రెండు కొసల్లోనూ జనం పలచన. అందుకే మన దగ్గర చిన్న విమానాశ్రయాలన్నీ ఒకదాన్నొకటి చూసుకోవు, అన్నీ హైదరాబాద్ వైపో, బెంగళూరు వైపో మొహం పెట్టి కూర్చుంటాయి. రెండు ఊళ్ల మధ్య నేరుగా ఒక మార్గం పడటం ఎంత అరుదంటే, కర్నూలు పక్కన ఓర్వకల్లు నుంచి విజయవాడకు, సుమారు 300 కిలోమీటర్లకు, విమానం పడింది ఆ విమానాశ్రయం తెరిచిన నాలుగేళ్ల తర్వాత, 2025 జూలైలో. అదైనా రాజధాని ప్రాంతంలో పనులుండబట్టి.

మా మీద ఆకాశం ఖాళీగా ఉంటుందనుకోకండి. దుండిగల్ నుంచి వైమానిక దళం శిక్షణ విమానాలు పొద్దున్నే వచ్చి గుండ్రంగా తిరిగి పోతుంటాయి. అవి ఎక్కడికీ పోవు, బయల్దేరిన చోటే దిగుతాయి. వాటికి దూరమంటూ లేదు, కాలమే ఉంది, ఎన్ని గంటలు ఎగిరామన్నదే వాటిలో శిక్షణ తీసుకునేవాళ్ల చదువు. ఆ చదువులో ప్రాణాలు పోవడమూ ఉంది. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర రావెల్లిలో ఒక పిలాటస్ విమానం కూలి ఇద్దరు పోయారు. అప్పటి నుంచి ఆ ఇంజను చప్పుడు కాస్త మారినా పొలాల్లో వాళ్లు తల ఎత్తి చూస్తారు.

ఇక మా మండలం అంచున నిజంగా నడిచే విమానాశ్రయం ఒకటుంది, పోచారం చెరువు. 1916 - 22 మధ్య ఆలేరు వాగుకు అడ్డంగా నిజాం కాలంలో కట్టారు. చలికాలంలో అక్కడికి తల మీద రెండు నల్లచారలున్న బాతులు దిగుతాయి. అవి టిబెట్, మంగోలియాల వైపు గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి వస్తాయి. ఒంటికి పరికరాలు కట్టి చూసిన శాస్త్రవేత్తలకు ఓ బాతు 7 వేల మీటర్లకు పైన కూడా కనబడింది. కానీ వాళ్లకు తేలిన గట్టి సంగతి వేరు. అవి ఒక ఎత్తుకు ఎక్కి తిన్నగా రావు. కొండ ఎక్కితే అవీ ఎక్కుతాయి, లోయ వస్తే దిగుతాయి, నేలను అంటుకునే ఎగురుతాయి. పలచని గాలిలో ఎత్తున నిలబడటం కంటే దిగి మళ్లీ ఎక్కడమే వాటికి చవక. అతి దగ్గరి దారి అన్న మాట వాటి దగ్గర చెల్లదు. నడుమ ప్రతి చెరువూ వాటి లెక్కలో ఉంటుంది. అరుగు మీది పెద్దాయన అడిగిన ప్రశ్నకు, మా దగ్గర ఆగుతదని చెప్పగలిగేది ఈ ఒక్క సర్వీసు గురించే.

కాగితాల నుంచి కాలం పుట్టేది గాలిలోనే కాదు. మెదక్‌కు రైలు 2022 సెప్టెంబర్ 23న వచ్చింది. అక్కన్నపేట నుంచి మెదక్‌కు పట్టాల పొడవు 17 కిలోమీటర్లు. రైలు ఆ దూరాన్ని తొందర్లేకుండా కూడా అరగంటలో పోతుంది. అర్జీలు మొదలైన నాటి నుంచి కొలిస్తే ఒక తరం పట్టింది. మా నాయన తరం వాళ్లు ఆ రైలు కోసం సంతకాలు పెట్టి, రైలెక్కకుండానే పోయారు. వాళ్ల ప్రయాణ కాలాన్ని ఏ టైమ్ టేబుల్లో రాయాలో నాకు తెలియదు.

సరే, రేపు ఏదో ఓ సంస్థకు బుద్ధి పుట్టి బీదర్ - మామునూరు విమానం వేసిందనే అనుకుందాం. హవేలిఘనపూర్ నుంచి వరంగల్ పోవాలనుకున్నవాడు అందులో పోవాలంటే ముందు నారాయణఖేడ్ మీదుగా వంద కిలోమీటర్లకు పైగా పడమటికి పోవాలి, వరంగల్‌కు వీపు పెట్టి. విమానం లేవడానికి గంట ముందే చేరుకోవాలి. తర్వాత ఎక్కి, పొద్దున బయల్దేరిన సొంతూరి పక్కనుంచే తూర్పుకు వెనక్కి రావాలి, ఎడమ సీటు దొరికితే తన ఇంటి వైపు చూసుకోవచ్చు. మామునూరులో దిగి, ఊళ్లోకి ఆటో మాట్లాడుకోవాలి. ఈ సంబరం అంతా అయ్యేసరికి పొద్దు వాలుతుంది. నన్నడిగితే మెదక్ బస్టాండ్‌లో సిద్దిపేట బస్సెక్కి, అక్కడ దిగి హనుమకొండ బస్సు పట్టుకోవడమే మేలు. సిద్దిపేటలో చాయ్ తాగడానికీ టైమ్ ఉంటుంది.